చప్పుడు మూడు చోట్ల పుడుతుంది

ప్రశ్న: మాస్టారూ, మేం టెక్సాస్‌లో ఉంటున్నాం. గ్రీన్ కార్డ్ వచ్చాక నేనూ మా ఆవిడా తుపాకీ కాల్చే రేంజికి వెళ్లడం మొదలుపెట్టాం. 9 ఎం.ఎం. పిస్టల్ పేలిన ప్రతిసారీ తను ఉలిక్కిపడుతోంది. రెండు మ్యాగజైన్లు అయ్యేసరికి ఇక చాలంటోంది. సప్రెసర్ (మూతికి బిగించే, చప్పుడు తగ్గించే గొట్టం) పెట్టుకునే, చిన్న తూటాల .22 పిస్టల్ కొందామనుకుంటున్నాం. ఏది తీసుకోవాలి? అన్నిటికంటే తక్కువ చప్పుడు చేసే తూటాలేవి?

జవాబు: మీ ఆవిడ ఉలికిపాటును మీరు పట్టించుకున్నందుకు చాలా సంతోషం. కుర్రతనంలో చెవులకు ఏమీ పెట్టుకోకుండా ఒక మధ్యాహ్నమంతా కాల్చాను. అప్పట్నుంచి నా ఎడమ చెవిలో కీచురాయి కూస్తూనే ఉంది. దానికి మందు లేదు.

చప్పుడు మూడు చోట్ల పుడుతుంది. గొట్టం మూతి దగ్గర ఎగదన్నే వాయువును సప్రెసర్ అణుస్తుంది. గుండు ధ్వని కంటే వేగంగా పోతే గాలిలో కొరడా ఛెళ్లుమన్నట్టు మోగుతుంది, దాన్ని ఏ సప్రెసర్ ఆపలేదు. మూడోది బోల్టు, అంటే తూటాను గొట్టంలోకి నెట్టి మూసే లోహపు ముక్క, వెనక్కీ ముందుకీ కొట్టుకునే శబ్దం. మొదటి రెండూ అణిగాకే అది వినిపిస్తుంది.

20 డిగ్రీల సెల్సియస్ వేడిలో ధ్వని వేగం సెకనుకు దాదాపు 1,125 అడుగులు. సున్నా డిగ్రీల చలిలో 1,087కు పడిపోతుంది. డబ్బా మీద స్టాండర్డ్ వెలాసిటీ అని రాసే 40 గ్రెయిన్ల (గుండు బరువుకు కొలత) తూటా సెకనుకు 1,070 అడుగులు పోతుంది, అదీ పొడుగాటి రైఫిల్ గొట్టంలోంచి. నాలుగైదంగుళాల పిస్టల్ గొట్టంలో వేగం ఇంకా తగ్గుతుంది. అందుకే మీకు సబ్‌సోనిక్ (ధ్వని కంటే నెమ్మది) అని ప్రత్యేకంగా అమ్మే ఖరీదైన తూటాలు అక్కర్లేదు. సీసీఐ కంపెనీ స్టాండర్డ్ వెలాసిటీ చాలు.

అన్నిటికంటే నెమ్మదివాటి కోసం వెతక్కండి. 710 అడుగుల వేగంతో పోయే రకాలున్నాయి. బోల్టును పూర్తిగా వెనక్కి నెట్టే సత్తువ వాటికుండదు. ప్రతి రౌండుకూ చేత్తో లాగుకుంటూ కూర్చుంటే మీ ఆవిడకు మళ్లీ విసుగు పుడుతుంది. 60 గ్రెయిన్ల బరువు గుండ్ల జోలికి అసలే వెళ్లకండి. .22 గొట్టాల్లో గుండును తిప్పే గాళ్లు మామూలుగా 16 అంగుళాలకో మెలిక తిరుగుతాయి. అంత పొడుగు గుండును తిన్నగా నడపడానికి ఆ మెలిక చాలకపోవచ్చు. ఒకసారి నా దగ్గరే గుండు పక్కకు తిరిగి సప్రెసర్ మూతను గీరేసింది. ఆ లోహం మీది గాడిని ఇప్పటికీ నా విద్యార్థులకు చూపిస్తుంటాను.

పిస్టల్ అంటారా, నేనైతే రూగర్ మార్క్ ఫోర్ కొంటాను. 2016లో వచ్చింది. గొట్టం కదలదు, లోపలి బోల్టు మాత్రమే ఆడుతుంది. వెనక బొత్తాం నొక్కితే విడిపోతుంది, సప్రెసర్‌తో కాల్చాక లోపల పేరుకునే మసిని తుడుచుకోవడానికి అదెంత సుఖమో చెప్పలేను. బ్రౌనింగ్ బక్ మార్క్ కూడా మంచిదే. ఏదైనా ఫ్యాక్టరీలోనే మూతికి మర చెక్కినది తీసుకోండి.

సప్రెసర్ మాత్రం పూర్తిగా విప్పగలిగినదే కొనండి. .22 గుండు మెత్తటి సీసం, అది లోపల పేరుకుంటుంది. కొందరు వెనిగర్, పెరాక్సైడ్ కలిపి నానబెడతారు. అలా చేస్తే లెడ్ అసిటేట్ తయారవుతుంది, అది విషం. ఆ పని ఎప్పుడూ చేయకండి. కాల్చాక చేతులు, ముఖం కడుక్కోండి.

ఇక కాగితాలు. సప్రెసర్ మీద 1934 చట్టం పెట్టిన 200 డాలర్ల పన్ను 2026 జనవరి 1 నుంచి సున్నా అయింది. కానీ ఫారం 4 అనే దరఖాస్తు, వేలిముద్రలు, ఫోటో, అనుమతి వచ్చేదాకా ఎదురుచూపు అలాగే ఉన్నాయి. మీ పేరున తీసుకుంటే మీరు పక్కన ఉన్నప్పుడే ఆవిడ వాడాలి. తను ఒక్కతే రేంజికి వెళ్లాలంటే ముందే ఇద్దరూ సభ్యులుగా ఉన్న ట్రస్ట్ పేరున రాయించండి.

చెవులకు మఫ్‌లు మాత్రం తీయకండి, పక్క వరసలో ఎవరేం కాలుస్తారో తెలియదు. మొదటి రౌండు మిగతావాటికంటే కాస్త గట్టిగా మోగుతుంది, సప్రెసర్‌లో ఉన్న గాలిలోని ఆక్సిజన్‌తో, కాలకుండా మిగిలిన మందు మండడం వల్ల. ఆ మాట ఆవిడకు ముందే చెప్పండి. ప్రతి మ్యాగజైన్ అయ్యాక పిస్టల్ ఖాళీ అని చూసుకుని, సప్రెసర్ మర వదులైందేమో బట్టతో పట్టుకుని తిప్పి చూడండి. అప్పటికది చెయ్యి కాలేంత వేడిగా ఉండొచ్చు.