పుర్రెకు ముఖం ఇచ్చే ముందు

తమ్మీ,

నీ కథ రెండుసార్లు చదివాను. పరకాల దగ్గర చెరువు పూడిక తీస్తుంటే జేసీబీ బకెట్లో మట్టితో పాటు పుర్రె లేచి రావడం, డ్రైవర్ ఇంజన్ ఆపేసి తువ్వాలతో మొహం తుడుచుకోవడం నా కళ్ల ముందే జరిగినట్టుంది. కానీ మూడో రోజుకే ల్యాబులో కంప్యూటర్ తెర మీద ఆ పుర్రె నుంచి అచ్చం చనిపోయిన పిల్లవాడి ముఖం వచ్చేసిందని రాశావు. అక్కడ ఆగిపోయాను.

నీ వయసులో నేనూ ఇట్లాంటి కథే రాశాను. అది అచ్చయిన నెలకు నర్సంపేట వైపు నుంచి ఒకామె హనుమకొండలో మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. కొంగు ముడిలో కొడుకు పాస్‌పోర్ట్ ఫొటో. పనికి బొంబాయి పోయి ఆరేళ్లు, జాడ లేదు. "మా పక్కూరి బాయిల బొక్కలు దొరికినయి సారూ. మీరు రాసినాయనకు చూపిస్తే మావోడో కాదో చెప్తడా?" అని అడిగింది. పుర్రె చూసి ముఖం చేసే ఆయన నా కథలో నేను కల్పించిన మనిషి. ఆ మాట చెప్పడానికి నాకు నోరు పెగల్లేదు. పుర్రెను బట్టి ముఖం తయారుచేసే ఈ విద్య గురించి చదవడం ఆ తర్వాతే మొదలుపెట్టాను.

ఎముక మీద చర్మం, కొవ్వు, కండ కలిపి ఎక్కడ ఎంత మందం ఉంటాయన్న లెక్కలే దీనికి ఆధారం. 1883లో జర్మనీలో శరీర నిర్మాణ శాస్త్రజ్ఞుడు వెల్కర్ శవాల ముఖాల్లో సన్నని బ్లేడు గుచ్చి కొలిచాడు. 1895లో అదే శాస్త్రంలో పనిచేసిన హిస్ సూదికి చిన్న రబ్బరు ముక్క తొడిగాడు. మొన ఎముకకు తగిలేసరికి రబ్బరు చర్మం దగ్గర నిలుస్తుంది. సూది తీసి మొన నుంచి రబ్బరు దాకా కొలిస్తే అదే మందం. ఆ లెక్కలతోనే సంగీతకారుడు బాఖ్‌దని భావించిన పుర్రె అచ్చు మీద శిల్పి సెఫ్నర్ ముఖం మలిచాడు.

నీ ముఖం మీదే చూడు. ముక్కు ఎముక అయిపోయే చోట వేలు పెట్టు. సుమారు 3 మిల్లీమీటర్లే. కనుబొమల మధ్య 5 దాకా. ఇప్పుడు పళ్లు బిగించి, చెంపలో ఉబ్బే కండ మీద పెట్టు. దాదాపు 20. మనిషికీ మనిషికీ తేడా కూడా అక్కడే ఎక్కువ. బక్కవాడో లావువాడో పుర్రె చెప్పదు కదా.

పైగా శవం ఆరిపోతుంది, వెల్లకిలా పడుకోబెడితే చెంపలు చెవుల వైపు జారతాయి. సీటీ స్కాన్‌లో బతికున్న మనిషీ పడుకునే ఉంటాడు. అల్ట్రాసౌండ్ కూర్చోబెట్టి తీయొచ్చు, కానీ చర్మానికి ఆనించే పరికరం, ప్రోబ్, గట్టిగా ఆనిస్తే చర్మం అణుగుతుంది. పట్టికల్లో ఉండేవి సగటులు తమ్మీ, ఏ ఒక్కరి ముఖమూ కాదు. అట్లా వచ్చిన బొమ్మ పేపర్లో చూసి ఎవరో ఒకరు "మావోడి లెక్క ఉన్నడు" అని స్టేషన్‌కు రావాలి. తేల్చేది డీఎన్ఏనో, పళ్ల రికార్డో.

ఆమె చూపించిన ఫొటోలో పిల్లవాడి ఎడమ చెవి బయటికి పొడుచుకుని ఉంది. తల్లి మొదట చూసేది అట్లాంటివే, పుర్రె దాదాపుగా చెప్పలేనివీ అవే. అందుకే నీ కథలో తల్లి బొమ్మ చూడగానే గుర్తుపట్టొద్దు. చెవులు చూసి "మావోడు కాదు" అని లేచిపోనీ. గుమ్మం దాకా పోయి వెనక్కి తిరగనీ. డీఎన్ఏ పరీక్షకు రక్తం ఇచ్చి, రిపోర్టు కోసం ఎన్ని వారాలు స్టేషన్ చుట్టూ తిరిగిందో రాయి. అక్కడి నుంచి తిరగరాసి పంపు, చదువుతాను.

మీ అన్న