కొలనోస్కోపీ ఉందని గుండె మాత్రలు మీ అంతట మీరు ఆపకండి

ప్రశ్న: నా వయసు 58. మాది విశాఖ గాజువాక. ఆరు నెలలుగా మలంలో అప్పుడప్పుడు రక్తం పడుతోంది. మొలలనుకుని మందుల షాపులో ఇచ్చిన ఆయింట్‌మెంట్ రాసుకుంటూ వచ్చాను. తగ్గకపోతే డాక్టర్ గారికి చూపించుకున్నాను, వచ్చే బుధవారం కొలనోస్కోపీ (కెమెరా గొట్టంతో పెద్దపేగు లోపల చూసే పరీక్ష) అన్నారు. షుగర్, బీపీ ఉన్నాయి. ఎనిమిది నెలల క్రితం గుండెకి స్టెంట్ వేశారు. రక్తం పల్చబరిచే మాత్రలు వారం ముందే మానేయమని షాపతను చెప్పాడు. నా టెన్షన్ అంతా పరీక్షకు ముందు పేగు శుభ్రం కావడానికి తాగమన్న, పొడి కలిపిన రెండు లీటర్ల నీళ్ల గురించే. తాగలేను, వాంతి వచ్చేస్తుంది. దాని బదులు ఆముదం తాగి, ఎనీమా చేయించుకుంటే సరిపోదా?
- ఒక పాఠకుడు

జవాబు: ఆముదం సంగతి తర్వాత చెబుతాను. ఆ రక్తం పల్చబరిచే మాత్రలు ఇప్పటికే మానేశారా? మానేసి ఉంటే ముందు మీకు స్టెంట్ వేసిన డాక్టర్ గారికి ఫోన్ చేయండి, ఇప్పుడే. స్టెంట్ వేసి ఏడాది కూడా కాలేదు. ఈ దశలో మాత్రలు ఒక్కసారిగా మానేస్తే స్టెంట్‌లో రక్తం గడ్డకట్టి గుండెపోటు వచ్చే ప్రమాదం ఉంది. ఆస్పిరిన్‌ని చాలామందిలో అసలు ఆపం. క్లోపిడోగ్రెల్ లాంటివి ఆపాలా, కొనసాగించాలా, పరీక్షనే కొన్నాళ్లు వాయిదా వేయాలా అన్నది మీ గుండె డాక్టర్, కొలనోస్కోపీ చేసే డాక్టర్ మాట్లాడుకుని తేల్చాలి. పేగు లోపల చూడటానికి, చిన్న ముక్క తీసి పరీక్షకు పంపడానికి చాలాసార్లు ఆ మాత్రలు అడ్డు కావు. పెద్ద పాలిప్ (పేగు లోపలి గోడ మీద పెరిగే కండ) తీయాల్సి వస్తేనే రక్తస్రావం గురించి ఆలోచిస్తాం. షాపతనికి మీ స్టెంట్ సంగతి తెలుసా? తెలిసినా అది ఆయన తేల్చే విషయం కాదు.

షుగర్ మాత్రలదీ ఇదే కథ. ముందు రోజు దాదాపు ద్రవాలే తీసుకుంటారు కాబట్టి గ్లిమిపిరైడ్ లాంటివి మామూలుగా వేసుకుంటే షుగర్ పడిపోవచ్చు. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ రకం మాత్రలను సాధారణంగా మూడు రోజుల ముందే ఆపిస్తాం. తిండి తగ్గించి అవి వేసుకుంటే, షుగర్ పెద్దగా పెరగకుండానే రక్తంలో ఆమ్లాలు పేరుకునే ప్రమాదం ఉంది. ఇన్సులిన్ వాడుతుంటే పూర్తిగా మానేయకండి, డోసు ఎంత తగ్గించాలో అడగండి. మీరు వాడే మందుల పేర్లు రాయలేదు. మిమ్మల్ని చూడకుండా ఇంతకంటే చెప్పడం సరికాదు. స్ట్రిప్పులన్నీ సంచిలో వేసుకుని సోమవారంలోపు మీ డాక్టర్ గారికి చూపించండి. ఐరన్ మాత్రలు ఉంటే అవీ చూపించండి. వాటివల్ల మలం నల్లగా, జిగటగా మారి పేగు సరిగా కనపడదు, అందుకే అయిదారు రోజుల ముందే ఆపమంటాం.

ఇక ఆముదం. వద్దు. కడుపులో మెలిపెట్టి విరేచనాలు అవుతాయి, ఒంట్లో నీరు, లవణాలు పోతాయి, పేగు మాత్రం కావలసినంత శుభ్రం కాదు. ఎనీమా చివరి భాగాన్నే కడుగుతుంది. పెద్దపేగు సుమారు మీటరున్నర పొడవు. కుడివైపు మలం మిగిలిపోతే చదునుగా ఉండే పాలిప్‌లు కనపడవు, మళ్లీ మొదటి నుంచీ చేయించుకోవాలి. మీకిచ్చిన పొడి పాలీఇథిలీన్ గ్లైకాల్ అయి ఉంటుంది. అది తాగిన నీటిని పేగులోనే పట్టి ఉంచి బయటికి తోస్తుంది, ఒంట్లో నీటిని పెద్దగా లాగేయదు. గుండె, బీపీ ఉన్నవాళ్లకు అదే ఎక్కువ భద్రం. 'తక్కువ తాగితే చాలు' అని షాపులో సోడియం ఫాస్ఫేట్ ద్రావణం ఇస్తే తీసుకోకండి. మీ వయసులో, బీపీ మాత్రలు వాడేవారిలో అది కిడ్నీలను దెబ్బతీయవచ్చు.

రెండు లీటర్లూ ఒక్కసారి తాగమని ఎవరూ అనరు. సగం ముందు రోజు సాయంత్రం, సగం పరీక్షకు నాలుగు నుంచి ఆరు గంటల ముందు. కలిపి ఫ్రిజ్‌లో పెట్టి, పది పదిహేను నిమిషాలకొక గ్లాసు చొప్పున స్ట్రాతో తాగండి, మధ్యలో నిమ్మచెక్క చప్పరించండి. వికారంగా ఉంటే అరగంట ఆగి, అటూ ఇటూ నడిచి మళ్లీ మొదలుపెట్టండి. మత్తు ఇస్తారు కాబట్టి పరీక్షకు కనీసం రెండు గంటల ముందు ఆఖరి గుక్క అయిపోవాలి. మీ ఆసుపత్రి వాళ్లు ఇంకా ముందే ఆపమంటే వాళ్ల మాటే వినండి. పరీక్ష సిటీలో అయితే గాజువాక నుంచి ఆ ట్రాఫిక్‌లో రావాలి, దారిలో ఇబ్బంది పడకుండా కాస్త ఆలస్యపు టైము అడగండి.

రెండు మూడు రోజుల ముందు నుంచే చోడి అంబలి, గోంగూర, ఆకుకూరలు, పనసపొట్టు కూర, జామ, నువ్వులు మానేయండి. మామూలు రోజుల్లో అవి మంచివే, ఇప్పుడు మాత్రం పీచు పేగులో అతుక్కుని కూర్చుంటుంది. తెల్లన్నం, ఇడ్లీ, పెరుగు, గుడ్డు, కారం లేని చేప తినొచ్చు. ముందు రోజు వడకట్టిన చారు తేట, పాలు లేని టీ, ఓఆర్‌ఎస్ లాంటివి. ఎర్రటి డ్రింకులు వద్దు, లోపల రక్తంలా కనపడతాయి. షుగర్ 70 కంటే తగ్గినా, చెమటలు పట్టి వణుకు వచ్చినా వెంటనే గ్లూకోజ్ నీళ్లు తాగి ఆసుపత్రికి ఫోన్ చేయండి. ద్రావణం తాగాక విరేచనం చివరికి పసుపు రంగు నీళ్లలా, నలకలు లేకుండా రావాలి. ఇంకా గోధుమ రంగులోనే వస్తుంటే దాచకుండా అక్కడి సిస్టర్‌కి చెప్పండి. పొట్ట బాగా ఉబ్బి, నొప్పి తీవ్రమై, గ్యాస్ కూడా పోకుండా వాంతులవుతుంటే ద్రావణం ఆపేసి క్యాజువాల్టీకి వెళ్లండి.

నన్ను ఎక్కువ బాధపెట్టేది ఆ ఆరు నెలల ఆయింట్‌మెంట్. 50 దాటినవారికి మలంలో రక్తం పడితే, చూడకుండా మొలలని తేల్చేయకూడదు. మొలలు ఉన్నవాళ్లకూ పైన పాలిప్ ఉండవచ్చు. భయపడకండి, ఎక్కువమందిలో ఇది క్యాన్సర్ కాదు. పాలిప్ క్యాన్సర్‌గా మారడానికి సాధారణంగా ఏళ్లు పడుతుంది, చాలావాటిని ఈ పరీక్షలోనే తీసేయగలం. అలాంటి అవకాశాన్ని ట్యూబు రాసుకుంటూ ఆరు నెలలు వెనక్కి నెట్టారు. ఇప్పుడు పొడి నీళ్లకు భయపడి ఇంకా నెట్టకండి. గుండె డాక్టర్ వాయిదా వేయమంటే అది వేరు. అప్పుడు కూడా కొత్త తేదీ రాయించుకునే బయటికి రండి, ఈలోగా హిమోగ్లోబిన్ పరీక్ష చేయించండి. బుధవారం మీవాళ్లను ఒకరిని తోడు తీసుకెళ్లండి. మత్తు ఇస్తారు కాబట్టి మర్నాటి వరకు బండి నడపకూడదు.