కొత్త ఏడాది ప్రాధాన్యాలు ఖాయం చేసుకునే ముందు

చిరంజీవికి పెదనాన్న ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. వచ్చే ఏడాదికి నీ ఏజెన్సీ కోసం నువ్వు రాసుకున్న తొమ్మిది ప్రాధాన్యాలను రెండుసార్లు చదివాను. కొత్త క్లయింట్లను తెచ్చుకోవడం, వీడియో విభాగం మొదలుపెట్టడం, రేట్లు పెంచడం, బకాయిలు త్వరగా వసూలు చేసుకోవడం, ఒక సీనియర్ డిజైనర్‌ను చేర్చుకోవడం... వీటిలో తీసిపారేయదగ్గది ఒక్కటీ లేదు. ముప్పై ఏళ్లు ఇదే వ్యాపారంలో ఉన్నవాడిగా చెబుతున్నాను, నాకు దిగులు కలిగించినదీ అదే. జాబితాలో పనికిరానివి ఉంటే కొట్టేయడం తేలిక. అన్నీ మంచివే అయినప్పుడు యజమానికి దేన్ని వదులుకోవడానికీ మనసొప్పదు. ఏడాది పొడుగునా అన్నింటినీ తలా కొంచెం కదిలించి, ఏ ఒక్కదాన్నీ ఒక కొలిక్కి తేలేకపోతాడు.

కాబట్టి ఆ జాబితాను ఒక వారం పక్కన పెట్టి, ముందుగా గంటల లెక్క తియ్యి. వారానికి 40 గంటల చొప్పున 52 వారాలకు ఒక మనిషికి 2,080 గంటలు వస్తాయి. అందులోంచి సెలవులు, పండుగలు, ఒంట్లో బాగాలేని రోజులు అన్నీ కలిపి ఆరు వారాలు తీసేస్తే మిగిలేవి 1,840. సమావేశాలు, లోపలి పనులు, గెలవని ప్రతిపాదనల కోసం పడిన శ్రమ పోగా క్లయింటు పనికి నూటికి డెబ్బై వంతులు మిగిలితే నీ బృందం బాగా నడుస్తున్నట్టే. అంటే మనిషికి దాదాపు 1,290 గంటలు. నీ దగ్గర అయిదుగురున్నారు గనుక మొత్తం 6,440 అనుకో. ఇప్పటికే ఒప్పుకున్న పనులకు 5,500 గంటలు పడతాయని నువ్వే రాశావు. మిగిలినవి 940. తొమ్మిది ప్రాధాన్యాలకు సమానంగా పంచితే ఒక్కోదానికి వారానికి రెండు గంటలు. వారానికి రెండు గంటలతో వీడియో విభాగం మొదలవుతుందా? పైగా ఏడాది మధ్యలో వచ్చే కొత్త ప్రాజెక్టులు కూడా ఆ 940 గంటల్లోనే ఇమడాలి.

నీ సొంత గంటలను ఈ లెక్కలో కలపలేదని గమనించే ఉంటావు. కావాలనే వదిలేశాను. చిన్న ఏజెన్సీ యజమాని తన సమయం మొత్తాన్ని మిగులుగా లెక్కేసుకుని, రాత్రిపూట చేసేద్దాంలే అన్న ధీమాతో ప్రణాళిక రాసుకుంటాడు. జీతాలు, వసూళ్లు, గొడవలు, కొత్త క్లయింట్లతో మాటలు, అందరి పని మీదా ఒక చూపు, ఇవన్నీ అయ్యాక నీకు నిజంగా మిగిలేది వారానికి ఒక పూట కంటే ఎక్కువ ఉండదు. పైగా మన పని ఎంతసేపట్లో అవుతుందో అంచనా వేసుకోవడంలో మనమెవరమూ నమ్మదగ్గవాళ్లం కాము. డేనియల్ కానెమన్, ఆమోస్ ట్వెర్‌స్కీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1979లోనే దీని గురించి రాశారు. మనిషి తన పనికి గడువు ఊహించుకునేటప్పుడు, అలాంటి పనులకు గతంలో ఎంత కాలం పట్టిందో పక్కన పెట్టేసి, అంతా సజావుగా సాగుతుందన్న చిత్రాన్నే చూసుకుంటాడని వారు గుర్తించారు. అందువల్ల నీ ఊహ మీద ఆధారపడవద్దు. నిరుడు అదే రకం పనికి ఎన్ని గంటలు పట్టిందో టైమ్‌షీట్లు తెరిచి చూసి, ఆ అంకెనే వాడుకో.

టైమ్‌షీట్లు ఎలాగూ తెరుస్తావు కాబట్టి ఇంకో పని కూడా చెయ్యి. ఒక పెద్ద కాగితం మీద ఒక్కో క్లయింటుకు ఒక్కో వరస గీసి, ఏడాదిలో వాళ్లకు వేసిన బిల్లు, పట్టిన గంటలు, డబ్బు చేతికి రావడానికి పట్టిన రోజులు రాసుకో. ఇలా మొదటిసారి రాసుకున్న రోజు నాకింకా గుర్తుంది. మా అందరికీ ఇష్టమైన ఒక క్లయింటు ఉండేవారు. మర్యాదస్థులు, పని మెచ్చుకునేవారు, పండుగలకు శుభాకాంక్షలు పంపేవారు. వాళ్ల కరపత్రం ఒకదానికి పదకొండు విడతల మార్పులు చేశామని ఆ వరస చూశాకే తెలిసింది. కొటేషన్‌లో రాసింది మూడు విడతలే. బిల్లును గంటలతో భాగిస్తే, మా జూనియర్ డిజైనర్ జీతానికి సరిపడా కూడా రాలేదు. వాళ్లను వదులుకోలేదు గానీ, మూడు విడతలు దాటితే అదనపు రుసుము ఉంటుందన్న వాక్యం మరుసటి ఒప్పందంలో చేర్చాం. అభ్యంతరం చెప్పకుండా సంతకం చేశారు.

బకాయిల సంగతీ అంతే. రావలసిన మొత్తాన్ని ఏడాది బిల్లింగ్‌తో భాగించి 365తో హెచ్చవేస్తే, సగటున ఎన్ని రోజుల డబ్బు బయట ఉందో తెలుస్తుంది. ఒప్పందంలో 30 రోజులని రాసుకుని లెక్కలో 75 వస్తే, కొత్త క్లయింట్ల వేట కంటే పాత ఇన్‌వాయిస్‌ల వెంటపడటమే ముందు చేయవలసిన పని.

ఇక దేన్ని ముందు పెట్టుకోవాలన్నది. దీనికి నేను పాటించే వరస ఒకటుంది. దీన్ని ఎందుకింత గట్టిగా పట్టుకున్నానో చెబితేనే నీకు నమ్మకం కలుగుతుంది. ఏజెన్సీ పెట్టిన ఎనిమిదో ఏట మా బిల్లింగ్‌లో దాదాపు సగం ఒకే సంస్థ నుంచి వచ్చేది. ఆ ఏడాది నా జాబితాలో ఏడు అంశాలుండేవి, ఒకే క్లయింటు మీద ఆధారపడటం తగ్గించాలన్నది వాటిలో ఆరోది. ఆదాయం పెరుగుతూ ఉండటంతో ఆరోదాని దాకా వెళ్లవలసిన అవసరం కనబడలేదు. ఆగస్టులో ఆ సంస్థలో మార్కెటింగ్ అధిపతి మారారు. అరవై రోజుల నోటీసుతో ఒక ఉత్తరం వచ్చింది. మా పనిలో లోపమేమీ లేదని అందులోనే రాశారు. ఆ అరవై రోజుల్లో ముగ్గురిని పంపించవలసి వచ్చింది. అందులో ఒకరు మొదటి రోజు నుంచీ నాతో ఉన్నవారు. ఆవిడ తన బల్ల సర్దుకుంటున్నప్పుడు నేను గది దాటి బయటకు రాలేకపోయాను.

అప్పటి నుంచి నా వరస ఇది. ఒక్క ఇన్‌వాయిసూ వసూలు కాకపోయినా మూడు నెలల జీతాలు, అద్దె కట్టగలిగే నిల్వ లేకపోతే ఆ ఏడాది మొదటి ప్రాధాన్యం అదే, మరో మాట లేదు. దాని తర్వాత, ఒకే క్లయింటు నుంచి నాలుగో వంతు కంటే ఎక్కువ బిల్లింగ్ వస్తుంటే, ఆ ఒక్కరి మీద ఆధారపడటం తగ్గించుకోవడం రెండో ప్రాధాన్యం. ఈ రెండూ కుదిరాకే మనుషులు, కొత్త విభాగాలు. నీ లెక్కల ప్రకారం నిల్వ రెండు నెలలకు కొంచెం పైన ఉంది. పెద్ద క్లయింటు వాటా నూటికి 38. కనుక వచ్చే ఏడాది నీ ప్రాధాన్యాలు ఈ రెండే, వీడియో విభాగం కాదమ్మా. నీకు అది ఎంత ఇష్టమో తెలిసే చెబుతున్నాను.

రేట్ల విషయంలో మాత్రం నువ్వు అవసరానికి మించి జంకుతున్నావనిపిస్తోంది. బిల్లింగ్ 100, ఖర్చు 90, లాభం 10 ఉన్న ఏజెన్సీ రేట్లను పది శాతం పెంచి, ఖర్చు పెరగకుండా చూసుకుంటే లాభం 20 అవుతుంది, అంటే రెట్టింపు. ఇంచుమించు సమానమైన క్లయింట్లు పదకొండు మంది ఉండి, పెంచిన రేటు నచ్చక ఒకరు వెళ్లిపోయినా బిల్లింగ్ పాత స్థాయిలోనే ఉంటుంది, ఒకరి పని మాత్రం తగ్గుతుంది. అలా మిగిలిన గంటలే నిల్వ పెంచుకోవడానికీ, కొత్తవారిని వెతుక్కోవడానికీ పనికొస్తాయి. నీ మొదటి రెండు అవసరాలకు ఇది దారి అవుతుంది గనుక దీన్ని విడి ప్రాధాన్యంగా లెక్కించవద్దు. కొత్త క్లయింట్లకు వెంటనే, పాతవారికి ఒప్పందం పునరుద్ధరించేటప్పుడు, కనీసం రెండు నెలల ముందుగా రాతపూర్వకంగా తెలియజేసి పెంచు.

ఓకేఆర్ పద్ధతి, అంటే లక్ష్యాలనూ వాటిని కొలిచే ఫలితాలనూ రాసుకుని నడిచే పద్ధతి, పెట్టుకోమంటావా అని అడిగావు. చిప్‌ల సంస్థ ఇంటెల్‌లో దాని అధిపతి ఆండీ గ్రోవ్ రూపుదిద్దిన ఆ పద్ధతిని 1999లో పెట్టుబడిదారు జాన్ డోర్ గూగుల్‌కు తీసుకెళ్లారు. మంచి పద్ధతే. లక్ష్యాలు చాలా కొద్దిగా ఉండాలని గ్రోవ్ కూడా పట్టుబట్టేవారు. అయితే అయిదుగురున్న చోట దానికోసం పట్టికలు నింపుతూ కూర్చుంటే ఆ 940 గంటల్లోంచే కోత పడుతుంది. రెండు ప్రాధాన్యాలు, ఒక్కోదానికి ఒక అంకె, ఒక తేదీ, ఒక బాధ్యుడు ఉంటే చాలు.

ఆ రెండింటికీ కావలసిన గంటలను ఏడాది మొదట్లోనే క్యాలెండరులో పెట్టేయి, క్లయింటు డెడ్‌లైన్‌ను ఎలా పెడతావో అలాగే. నేను ప్రతి గురువారం ఉదయం పూట పెట్టుకునేవాణ్ని. ఆ పూట క్లయింటు ఫోన్లు మరొకరు తీసుకునేవారు. మొదటి రెండు నెలలు నాకే కష్టంగా ఉండేది.

వదిలేసిన ఏడింటినీ చించి పారేయకుండా, వేరే కాగితం మీద ఎందుకు వదిలేశావో ఒక్కో వాక్యం రాసి దాచు. మూడు నెలలకొకసారి అది తీసి, ఆ కారణం ఇంకా నిలుస్తుందో లేదో చూసుకో. పెద్ద క్లయింటు మధ్యలో తప్పుకుంటే, కీలకమైన మనిషి మానేస్తే ప్రాధాన్యాలు మార్చవచ్చు. మంచి అవకాశం వచ్చిందన్న ఒక్క కారణంతో మాత్రం మార్చకు; అలాంటివి ఏడాదికి అయిదారు వస్తాయి. నీ బృందానికి కూడా రెండు కాగితాలూ చూపించు. ఏం చేయబోవడం లేదో తెలిసిన ఉద్యోగి ఆ పని కోసం వచ్చిన ఫోనుకు నిన్ను అడగకుండానే సమాధానం చెప్పగలడు.

నెలాఖరులోగా టైమ్‌షీట్ల లెక్క పూర్తి చేసి, క్లయింట్ల వరసలున్న ఆ కాగితాన్ని ఫొటో తీసి పంపు. పెద్ద క్లయింటు వరస పక్కన గంటల అంకె సరిగ్గా వేశావో లేదో ముందు చూడాలి నేను.

ఆశీస్సులతో,
పెదనాన్న