మైకు ఇంకొకరి చేతికిచ్చే ముందు

చిన్నమ్మడూ,

నువ్వు ల్యాప్‌టాప్‌తో కరోకె ప్రోగ్రాములు మొదలుపెడుతున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. నా సంతోషం అంతా ఇంతా కాదు. మన ఇంట్లో సౌండ్ మిక్సర్ ముందు కూర్చునేవాళ్లు నాతోనే ఆఖరు అనుకున్నాను. ఆ తర్వాత మీ అమ్మ నీ సామాన్ల ఫోటో పంపింది. అది చూశాక రాత్రంతా నిద్ర పట్టలేదు. మధ్యలో వదిలెయ్యకుండా ఈ ఉత్తరం పూర్తిగా చదువు.

నీకు తెలిసినవి ముందు చెప్పేస్తాను. హెడ్‌ఫోన్ రంధ్రం నుంచి సౌండ్ తీయకు, యూఎస్‌బీకి తగిలించి సౌండ్ బయటికి తీసే చిన్న పెట్టె, అదే ఆడియో ఇంటర్‌ఫేస్, వాడు. షోకి ముందు నోటిఫికేషన్లు, స్క్రీన్ సేవర్, స్లీప్, అప్‌డేట్లు అన్నీ ఆపెయ్యి. పాటలు డిస్కులోనే ఉండాలి, ఇంకో కాపీ వేరే డ్రైవులో ఉండాలి. స్పీకర్లు మైకు కంటే ముందుండాలి. మైకు జాలీని గుప్పిట్లో మూసి పట్టుకోవద్దని పాడేవాళ్లకి చెప్పు, అలా పట్టుకుంటే ఊళ పెడుతుంది.

ఎంపీ3+జీ పాటల్లో సంగీతం ఒక ఫైల్లో, సాహిత్యం సీడీజీ ఫైల్లో విడివిడిగా ఉంటాయి. రెంటికీ ఒకటే పేరుండాలి. ఒకదాని పేరు మార్చి రెండోదాన్ని మరిచిపోయావో, పాట మోగుతూనే ఉంటుంది, తెర మీద అక్షరం రాదు. రెండూ కలిపి జిప్ చేసి పెట్టుకో. ఆ ఫార్మాట్ సీడీల కాలంది, ఒకేసారి 16 రంగులకి మించి చూపలేదు. పెద్ద తెర మీద అక్షరాల అంచులు మెట్లు మెట్లుగా కనిపిస్తే ప్రొజెక్టర్ పాడైందని కంగారు పడకు. తెరని డూప్లికేట్‌లో కాకుండా ఎక్స్‌టెండ్‌లో పెట్టు. హెచ్‌డీఎమ్ఐ కేబుల్ గుచ్చగానే సౌండ్ టీవీకి మళ్లిపోవడం మామూలే. అందుకని కరోకె సాఫ్ట్‌వేర్ సెట్టింగుల్లో నీ ఇంటర్‌ఫేస్ పేరే ఎంచి పెట్టు, డిఫాల్ట్ అని వదిలెయ్యకు.

మైకుని మాత్రం కంప్యూటర్లోకి పెట్టకు, నేరుగా మిక్సర్‌కే ఇవ్వు. కంప్యూటర్లోకి వెళ్లిన గొంతు బఫర్ దాటి, అంటే కంప్యూటర్ శబ్దాన్ని కాసేపు పోగేసే చోటు దాటి, బయటికి రావాలి. 48 కిలోహెర్ట్జ్ దగ్గర 1024 శాంపిళ్ల బఫరంటే ఒక వైపుకే 21 మిల్లీసెకన్లు, రానూపోనూ 40 దాటుతుంది. చెప్పుకోడానికి చిన్న అంకే. పాడేవాడికి మాత్రం తన గొంతు తన వెనక నడుస్తున్నట్టుంటుంది. దాని కోసం ఆగుతాడు, తాళం తప్పుతాడు, వినేవాళ్లు ఈయనకి పాడటం రాదనుకుంటారు. తప్పు మనది, పరువు పోయేది అతనిది. బ్లూటూత్ స్పీకర్ మాట అసలు ఎత్తకు.

ఇక నాకు నిద్ర పట్టనివ్వని సంగతి. ఆ ఫోటోలో నీ టేబుల్ కింద ఎక్స్‌టెన్షన్ బాక్సుకి ఎర్త్ పిన్ను లేని రెండు పిన్నుల అడాప్టర్ ఒకటి తగిలించి ఉంది. ఎందుకు పెట్టావే అది? హమ్, అదే స్పీకర్లలో వచ్చే రొద, పోవడానికేగా? నాకు తెలుసు. నేనూ అందుకే పెట్టాను.

ల్యాప్‌టాప్‌తో షోలు మొదలుపెట్టిన కొత్త. ఆరుబయట స్టేజీ, మధ్యాహ్నం వాన పడి వెలిసింది. ఆంప్లిఫయర్ లోపలే ఉండే పెద్ద మిక్సర్ నాది. ల్యాప్‌టాప్ కలపగానే స్పీకర్లలో తేనెటీగల రొద. ఛార్జర్ తీస్తే పోతోంది, పెడితే వస్తోంది. ల్యాప్‌టాప్‌కీ మిక్సర్‌కీ ఎర్త్ రెండు దారుల్లో కలిసి చుట్టు తిరిగితే వచ్చే హమ్ అది. ఛార్జర్ తీస్తే పోతోందంటే దాని గుట్టు అక్కడే తెలిసిపోవాలి. నాకు అంత ఓపిక లేదు, జనం వచ్చేస్తున్నారు. రెండు పిన్నుల అడాప్టర్లు తెచ్చి ఛార్జర్‌కీ మిక్సర్‌కీ రెంటికీ తగిలించాను. రొద టక్కున ఆగిపోయింది. ఎంత పొంగిపోయానో!

మైకు తీసుకుని హలో హలో అన్నాను. వేళ్ల మీద సన్నగా చీమలు పాకినట్టయింది. నా కాళ్లకి మందపాటి రబ్బరు అడుగు బూట్లున్నాయి. ఆ చీమల్ని నేను పట్టించుకోలేదమ్మా. అక్కడ ఆగి ఉంటే సరిపోయేది.

మొదట పాడటానికొచ్చిన అమ్మాయికి అప్పుడు నీ వయసే. స్టేజీ ఎక్కే ముందు చెప్పులు కింద విడిచింది. తడి చెక్కల మీద వట్టి కాళ్లతో నిలబడి మైకు అందుకుంది. పల్లవి ఎత్తుకోబోయి పెదవి జాలీకి తాకించింది. గొంతులోంచి పాట రాలేదు, ఇంకేదో శబ్దం వచ్చింది. మైకు వదిలెయ్యమని అందరూ అరుస్తున్నారు, ఆమె వేళ్లు బిగుసుకుపోయి వదల్లేకపోతోంది. కరెంటు పట్టుకుంటే కండరం ముడుచుకుపోతుంది, మనిషి తనంతట తను వదిలించుకోలేడు. నేను మిక్సర్ ప్లగ్గు పీకేసరికి కింద పడిపోయింది.

బతికింది. పెదవి మీద చిన్న కాలిన మచ్చ మిగిలింది.

తర్వాత మిక్సర్ విప్పి చూశాను. బళ్లలో తిరిగి తిరిగి లోపలి వైరు తొడుగు అరిగి ఇనుప పెట్టెకి ఆనుకుంది. ఎర్త్ ఉండుంటే ఆనిన క్షణమే ఫ్యూజు ఎగిరిపోయేది, షో ఆగిపోయేది, అంతే. ఎర్త్ నేను పీకేశాను కాబట్టి పెట్టెలో కరెంటు అలాగే నిలబడి, మైకు కేబుల్ మీద అల్లిన తీగ వెంట నడిచి ఆ అమ్మాయి చేతిలోకి వెళ్లింది. వైరు అరగడం నా చేతిలో లేదు. అడాప్టర్ పెట్టింది నేనే.

చాన్నాళ్ల తర్వాత ఆమె మళ్లీ పాడుతుంటే చూశాను. మైకు ఇవ్వగానే పట్టుకోలేదు. ముందు చెయ్యి వెనక్కి తిప్పి, వేళ్ల గణుపులతో ఒకసారి తాకి, అప్పుడు పట్టుకుంది. ఎదురుగా నిలబడలేక పక్కకి వెళ్లిపోయాను.

కాబట్టి ఆ అడాప్టర్ ఇవాళే తీసి పారెయ్యి. ఛార్జర్‌కే పెట్టాను మామయ్యా అని నాకు చెప్పకు. హమ్ పోవాలంటే ల్యాప్‌టాప్‌కీ మిక్సర్‌కీ మధ్య ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న డీఐ బాక్స్ పెట్టు. అది ఆడియో తీగలో చుట్టుని తెంపుతుంది, ప్రాణం కాపాడే ఎర్త్‌ని ముట్టుకోదు. ఆడియో సామానంతా ఒకే పాయింటు నుంచి తీసుకో, లైట్లకి వేరే పాయింటు ఇవ్వు. కరెంటు లీకైతే సప్లై ఆపేసే స్విచ్చి, 30 మిల్లీఆంపియర్లకి ట్రిప్ అయ్యే ఆర్‌సీడీ, నీ సొంతది ఒకటి ఉండాలి, హాలు వాళ్లది ఉందిలే అనుకోకు. అది షో మధ్యలో ట్రిప్ అయితే విసుక్కుని తప్పించి కలపకు, ఎందుకు పడిందో వెతుకు. వేళ్లకి చీమలు పాకాయా, అక్కడితో ఆపెయ్యి. ఎవరు తిట్టినా సరే.

అరిచినట్టున్నాను, ఏమీ అనుకోకు. నీకిది బాగా వస్తుందని నాకు నమ్మకం. చిన్నప్పుడు క్యాసెట్ నెమ్మదిగా తిరుగుతుంటే శ్రుతి దిగింది మామయ్యా అని నాకంటే ముందు నువ్వే పట్టేసేదానివి. ఆ చెవి ఈ పనిలో చాలా అవసరం. కరోకె అంటే జపాను మాటలో ఖాళీ ఆర్కెస్ట్రా అని అర్థం. 1971లో దైసుకె ఇనోఉయే కోబెలో తన కరోకె మెషిన్లు చేసింది కూడా, వాద్యబృందం పక్కన లేకపోయినా మామూలు మనుషులు పాడుకోవాలనే. ఎవరికి ఏ శ్రుతి కుదిరిందో నోటు పుస్తకంలో రాసుకో. భయపడుతూ వచ్చినవాళ్లకి అడక్కుండానే శ్రుతి ఒకటి రెండు అరమెట్లు దించు. నాలుగైదు దించితే ట్రాక్ మరీ బొంగురుపోతుంది, ఆమాత్రం చూసుకో.

నా డీఐ బాక్సూ, ప్లగ్ పాయింటులో గుచ్చే మూడు దీపాల టెస్టరూ పంపుతున్నాను. ఎర్త్ ఉందో లేదో ఆ దీపాలు చెబుతాయి, ఎంత గట్టిగా ఉందో చెప్పవు, దానికి ఎలక్ట్రీషియన్ మీటరు పెట్టి చూడాల్సిందే. మొదటి షో రోజు ఒక్క తీగ కూడా కలపకముందే టెస్టర్ గుచ్చి, దీపాలు ఫోటో తీసి నాకు పంపు. అది వచ్చేదాకా ఫోను చేతిలో పట్టుకునే కూర్చుంటాను.

మీ మామయ్య