ఊరి అన్న చూపించిన ఫ్లాట్: చేతిలో 26 లక్షలు, ధర 88 లక్షలు

ప్రశ్న: మాది ప్రొద్దుటూరు. బెంగళూరు మారతహళ్లిలో 30 వేల అద్దె ఇంట్లో ఉంటున్నాం. ఆయనకు 85 వేలు, నాకు 60 వేలు చేతికొస్తాయి. అద్దె కాకుండా ఖర్చు 55 వేలు. ఎఫ్‌డీలు, మ్యూచువల్ ఫండ్లు, చీటీ డబ్బు అన్నీ కలిపి 26 లక్షలు ఉన్నాయి. మా ఊరివైపు వాళ్లే, బ్రోకర్‌గా చేసే ఒక అన్న వర్తూరు దగ్గర 88 లక్షలకు పాత ఓనరు అమ్ముతున్న రెండు బెడ్‌రూముల ఫ్లాట్ చూపించారు. 90 శాతం లోన్ ఇప్పిస్తానన్నారు. 65 లక్షలకే రిజిస్టర్ చేసుకుని మిగతాది క్యాష్‌గా ఇవ్వమంటున్నారు. ఆయన కమీషన్ 2 శాతం. శనివారం ఇంకో పార్టీ వస్తోందట, ఈలోపు లక్ష టోకెన్ ఇచ్చేయమని ఒకటే ఫోన్లు. రెండో కాన్పు తర్వాత ఒక ఏడాది ఉద్యోగం మానేద్దామనుకుంటున్నాను. ఇవ్వమంటారా?

జవాబు: శనివారం లోపు ఇవ్వకండి. ఆ అన్న చెడ్డవారని నేను అనను, మీకు మంచి ఇల్లే చూపించి ఉండొచ్చు. కానీ ఆయన చెప్పిన రెండు మాటలు ఒకదానితో ఒకటి పొసగడం లేదు.

బ్యాంకు లోన్ ఇచ్చేది కాగితం మీద ఉన్న ధరను చూసి. 65 లక్షలకు రాయిస్తే అందులో 80 శాతం, అంటే 52 లక్షలు వస్తుంది. మిగతా 13 లక్షలు, పైన క్యాష్‌గా ఇవ్వాల్సిన 23 లక్షలు, మొత్తం 36 లక్షలు మీ చేతి నుంచి పోవాలి. మీ దగ్గరున్నది 26. 90 శాతం మాటా తేలేది కాదు. రిజర్వ్ బ్యాంక్ నిబంధన ప్రకారం 30 లక్షల లోపు లోన్లకే 90 శాతం వరకు ఇస్తారు. 30 నుంచి 75 లక్షల లోన్‌కు 80, అది దాటితే 75.

క్యాష్ గురించి ఇంకొక్క మాట. 23 లక్షలు తగ్గించి రాయిస్తే స్టాంప్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజుల్లో మీకు మిగిలేది లక్షా 75 వేలు. రేపు మీరు ఇదే ఇల్లు అమ్మినప్పుడు ఆ 23 లక్షలు లాభం కింద లెక్కకొస్తాయి. ఇప్పటి 12.5 శాతం లెక్కన వాటి మీదే 2 లక్షల 87 వేలు పన్ను. పైగా ఆ డబ్బు ఇచ్చినట్టు ఏ కాగితమూ ఉండదు, డీల్ చెడితే అడగడానికి నోరుండదు. తీసుకున్న ఓనరుకూ ప్రమాదమే. స్థిరాస్తికి 20 వేలు, ఆపైన క్యాష్ అడ్వాన్స్ తీసుకుంటే తీసుకున్నంతా జరిమానా పడొచ్చు.

సరే, మొత్తం 88కే రాయించారనుకుందాం. లోన్ 70.4 లక్షలు, మీ వాటా 17.6. కర్ణాటకలో ఈ ధర ఇంటికి స్టాంప్ డ్యూటీ సెస్సులతో కలిపి 5.6 శాతం. రిజిస్ట్రేషన్ ఫీజు 2025 ఆగస్టు 31 నుంచి 2 శాతమైంది. రెండూ కలిసి దాదాపు 6.7 లక్షలు. అన్న కమీషన్ 1.76. కూడితే 26 లక్షల 5 వేలు. లాయరు ఫీజు, బ్యాంకు ప్రాసెసింగ్ ఛార్జీలు, అసోసియేషన్ బదిలీ ఫీజు ఇందులో కలపలేదు. ఇల్లు మారే లారీ కిరాయికి కూడా అప్పు చేయాలన్నమాట.

నన్ను ఎక్కువ భయపెట్టేది ఆ తర్వాతి ఏడాది. 8.5 శాతం వడ్డీ, 20 ఏళ్లు అనుకుంటే ఈఎమ్ఐ 61 వేలు. మీరు ఉద్యోగం మానితే ఆయన 85 వేలల్లోంచి ఈఎమ్ఐ, 55 వేల ఖర్చు వెళ్లాలి. నెలకు 31 వేలు తక్కువ. పన్నెండు నెలలకు 3.7 లక్షలు, అదీ బ్యాంకులో ఒక్క రూపాయి లేకుండా, పసిబిడ్డతో. బిడ్డ పుట్టాక ఖర్చు పెరగడం సంగతి నేను ఎత్తనే లేదు.

అందుకే ఇప్పుడే కొనాలంటే 75 లక్షలు దాటొద్దు. అప్పుడు పైన లెక్కేసినవన్నీ పోగా చేతిలో దాదాపు 3.8 లక్షలు ఉంటాయి, ఈఎమ్ఐ 52 వేలు. ఆ డబ్బును ఉద్యోగం మానే ఏడాదికే పక్కన పెట్టాలి. లేదంటే ఒక ఏడాది ఆగండి. ఇప్పటి లెక్కన నెలకు 60 వేలు మిగులుతున్నాయి కాబట్టి ఇంకో 7 లక్షలు చేరతాయి. నేనైతే ఆగమంటాను. ఈఎమ్ఐ భారం కంటే 30 వేల అద్దె తేలిక.

ఇక బ్రోకర్. పాత ఇళ్ల అమ్మకాల్లో బెంగళూరులో ఇరువైపులా 1 నుంచి 2 శాతం అడగడం మామూలే. ఓనరు దగ్గరా 2 శాతం తీసుకుంటే ఈ డీల్‌లో ఆయనకు మూడున్నర లక్షలు. ఇప్పుడు ఆయన కుర్చీలో కూర్చుని చూడండి. మీ కోసం ధర 3 లక్షలు తగ్గిస్తే మీ వైపు నుంచి ఆయన పోగొట్టుకునేది 6 వేలే. డీల్ తప్పితే పోయేది మొత్తం. కాబట్టి ఆయన తొందరంతా ముగించడం మీదే ఉంటుంది. ఓనరు దగ్గర కూడా తీసుకుంటున్నారా అని మొహమాటం లేకుండా అడగండి. 1 శాతం ఇస్తాం, 75కి తెగ్గొడితే ఇంకో 25 వేలు అనండి. సగం అగ్రిమెంట్ నాడు, సగం రిజిస్ట్రేషన్ నాడు. ఊరి అన్న అనే మాట ఇక్కడ వాడకండి, ఆయనా తన లెక్కలో వాడటం లేదు.

బ్రోకర్లకు రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నంబరు ఉండాలని వినే ఉంటారు. 2016 చట్టం ప్రకారం రెరాలో నమోదైన ప్రాజెక్టుల్లో ఇళ్లు అమ్మించే ఏజెంటుకు అది తప్పనిసరి. పాత ఫ్లాట్ ఓనరు నుంచి కొంటున్నప్పుడు ఆ రక్షణ మీకు పెద్దగా అందదు, కాబట్టి కాగితాలే దిక్కు. మీ సొంత ఖర్చుతో మీరే వెతుక్కున్న లాయరుతో చూపించండి, అన్న పంపిన లాయరు వద్దు. ఏ-ఖాతా (ఆస్తికి నగర పాలక సంస్థ ఇచ్చే సక్రమ రికార్డు), ఈ-ఖాతా (దాని డిజిటల్ రూపం), ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (భవనంలో కాపురం ఉండొచ్చన్న అనుమతి), ఓనరు లోన్ తీర్చాడా లేదా అన్నది ముఖ్యం. ఈసీ, అంటే ఆ ఇంటి మీద జరిగిన అమ్మకాలు, తాకట్ల పట్టిక, కర్ణాటక రిజిస్ట్రేషన్ శాఖ వారి కావేరి పోర్టల్‌లో తీసుకోవచ్చు. కన్నడంలో ఉంటుంది గానీ లిపి మనదానికి దగ్గరే, పేర్లు కూడబలుక్కుని చదువుకోవచ్చు. ఫ్లాట్ నంబరు పక్కన బ్యాంకు పేరు కనబడితే ఆ లోన్ తీర్చిన కాగితం అడగండి. 50 లక్షలు, ఆపైన ధర కాబట్టి 1 శాతం టీడీఎస్ (ముందే కోసే ఆదాయపు పన్ను), అంటే 88 వేలు, ఓనరుకిచ్చే డబ్బులోంచి కోసి మీరే కట్టాలి. ఇది ఎక్కువ మంది మరిచిపోతారు.

ఒకసారి మా క్లయింటుకు ఆదివారం పదకొండింటికి ఇల్లు చూపించారు. ఖాళీ రోడ్డు, నిండు సంపు. సోమవారం ఉదయం ఎనిమిదిన్నరకు మళ్లీ వెళ్లి గేటు దగ్గర సెక్యూరిటీ పుస్తకం తిప్పమన్నాను. ముందు రోజు ఒక్కరోజే ఏడు ట్యాంకర్లు లోపలికొచ్చినట్టు రాసుంది. మెయింటెనెన్స్ అంత ఎందుకో అప్పుడు అర్థమైంది. మీరూ ఆ పుస్తకం అడగండి.

ఇల్లు నచ్చి, ధర 75కి దిగితేనే టోకెన్ ఇవ్వండి. అదీ అన్నకు కాదు, ఓనరు ఖాతాకు. లాయరో బ్యాంకో కాదంటే వారంలో మొత్తం వెనక్కిస్తానని ఓనరు సంతకంతో ఒక కాగితం తీసుకున్నాకే. ఈ రాత్రి అన్నకు ఇలా మెసేజ్ పెట్టండి: "అన్నా, మా లాయరు చూశాకే టోకెన్. శనివారం పార్టీ వస్తే ఇచ్చేయండి, మాకేం అభ్యంతరం లేదు."