కాలిఫోర్నియాలో పోలీసు ఉద్యోగానికి కమ్యూనిటీ కాలేజీ చదువు పనికొస్తుందా?

గుంటూరులో ఇంటర్ పూర్తిచేసి గ్రీన్ కార్డు మీద ఫ్రెస్నో వచ్చానని, వయసు పంతొమ్మిదని రాశారు. కమ్యూనిటీ కాలేజీలో, అంటే రెండేళ్ల ప్రభుత్వ కాలేజీలో, అడ్మినిస్ట్రేషన్ ఆఫ్ జస్టిస్ (పోలీసు, కోర్టుల పనితీరు చెప్పే కోర్సు) చదివితే పోలీసు ఉద్యోగం వస్తుందా అన్నది మీ ప్రశ్న. ఇంట్లో కంప్యూటర్ కోర్సు తప్ప మరో మాట వినడం లేదని కూడా అన్నారు. నేను ఆ కోర్సే బే ఏరియాలో చదివాను. ఇప్పుడు ఒక నగర పోలీసు శాఖలో గస్తీ విధుల్లో ఉన్నాను. నా ఇంటర్ కూడా ఆంధ్రాలోనే కాబట్టి, మీలాంటివారికి ఎక్కడ అడ్డు తగులుతుందో నాకు బాగా తెలుసు.

ముందుగా అర్హత సంగతి. ఇక్కడ పోలీసు కావాలంటే హైస్కూలు పూర్తిచేసి ఉండాలి, అదీ అమెరికాలో గుర్తింపు ఉన్న హైస్కూలు. మన ఇంటర్ సర్టిఫికెట్ ఇక్కడ చెల్లదు. దాని బదులు హైస్కూలుకు సమానమైన జీఈడీ పరీక్ష ప్యాసవ్వాలి, లేదా గుర్తింపు ఉన్న కాలేజీ నుంచి రెండేళ్ల డిగ్రీ అయినా చూపాలి. ఇక్కడే చదువుకున్న పిల్లలకు ఆ రెండేళ్ల (అసోసియేట్) డిగ్రీ ఒక అదనపు బలం. జీఈడీ రాయకపోతే మీకు మాత్రం అదే అసలు అర్హత అవుతుంది.

పౌరసత్వం గురించి దిగులు వద్దు. 2022లో చేసిన ఎస్‌బీ 960 చట్టం పౌరసత్వం ఉండాలన్న నిబంధనను తొలగించింది. ఫెడరల్ చట్టం ప్రకారం పనిచేసే హక్కు ఉంటే రాష్ట్రంలో దరఖాస్తు చేసుకోవచ్చు. ఎఫ్‌బీఐ స్పెషల్ ఏజెంట్ ఉద్యోగానికి మాత్రం పౌరసత్వమూ, నాలుగేళ్ల డిగ్రీ కూడా ఉండాల్సిందే. ఇది చదివే హెచ్-4 పిల్లలకు, అంటే హెచ్-1బీ వీసా ఉద్యోగుల మీద ఆధారపడి వచ్చిన పిల్లలకు, ఒక మాట చెప్పాలి, చెప్పడానికి మనసు ఒప్పకపోయినా. 2021 నాటి ఏబీ 89 చట్టం పోలీసు నియామకానికి కనీస వయసును 18 నుంచి 21కి పెంచింది. హెచ్-4 హోదా పోయేది కూడా 21 నిండినప్పుడే. కాబట్టి ఇమ్మిగ్రేషన్ లాయరుతో మాట్లాడకుండా ఈ దారిలో అడుగు పెట్టకండి.

డిగ్రీ వేరు, అకాడమీ వేరు. ఈ తేడా తెలియక రెండేళ్లు చదివాక నిరాశపడినవారిని చూశాను. డిగ్రీ చేతికొచ్చినంత మాత్రాన బ్యాడ్జి రాదు. పోలీసు శిక్షణ ప్రమాణాలు చూసే 'పోస్ట్' అనే రాష్ట్ర కమిషన్ నిర్దేశించిన ప్రాథమిక శిక్షణ కనీసం 664 గంటలు ఉంటుంది. చాలా అకాడమీలు అంతకన్నా ఎక్కువే చేయిస్తాయి. కొన్ని అకాడమీలను కమ్యూనిటీ కాలేజీలే నడుపుతాయి. వైటియర్‌లో రియో హోండో, హంటింగ్టన్ బీచ్‌లో గోల్డెన్ వెస్ట్ అలాంటివే. మీ ఊళ్లోని ఫ్రెస్నో సిటీ కాలేజీకీ ఒకటి ఉంది. ఏదైనా పోలీసు శాఖ ముందే ఉద్యోగంలోకి తీసుకుంటే జీతం ఇస్తూ అకాడమీకి పంపుతుంది. సొంతంగా చేరితే ఖర్చు మీదే, పైగా మూడేళ్లలోపు ఉద్యోగం రాకపోతే మళ్లీ అర్హత నిరూపించుకోవాలి. అందుకే, వీలైనంతవరకు శాఖ ద్వారా వెళ్లమనే నేను చెబుతాను.

మరి కాలేజీలో ఏం నేర్చుకుంటాం? నా మట్టుకు నాకు అన్నిటికన్నా ఎక్కువగా ఉపయోగపడింది రిపోర్టు రాసే క్లాసు. మా అధ్యాపకుడు రిటైరైన సార్జెంట్. ఒకరోజు బోర్డు మీద 'ఆ వ్యక్తి కంగారుగా ఉన్నాడు' అనే అర్థం వచ్చే వాక్యం రాసి, 'కంగారుగా' అన్న మాటను చేత్తో తుడిచేశారు. "మీ కంటికి ఏం కనిపించింది?" అని అడిగారు. జవాబు చెబుతూ వెనక గేటు వైపు చూశాడు, చేతులు జేబుల్లో పెట్టి తీశాడు, ఉంటున్న వీధి పేరు రెండుసార్లు రెండు రకాలుగా చెప్పాడు. ఒక్కొక్కరం ఒక్కొక్కటి చెబుతుంటే ఆయన బోర్డు నిండా రాసుకుంటూ పోయారు.

ఆ తర్వాతి వారం టెర్రీ వర్సెస్ ఒహాయో తీర్పు చదివాం. 1963లో క్లీవ్‌లాండ్‌లో మెక్‌ఫాడెన్ అనే డిటెక్టివ్, ఇద్దరు మనుషులు ఒకే దుకాణం అద్దంలోకి మళ్లీ మళ్లీ తొంగిచూసి వెళ్లడం గమనించి, ఆపి పైపైన తడిమి చూశాడు. తుపాకులు దొరికాయి. 1968లో సుప్రీం కోర్టు ఆ తనిఖీని సమర్థించింది. ఆయన అనుభవం మీద గౌరవంతో మాత్రమే ఇచ్చిన తీర్పు కాదది. ఏం చూసి అనుమానించాడో ఆయన వివరంగా చెప్పగలిగాడు. ఒట్టి అనుమానం చాలదని కోర్టు స్పష్టంగానే చెప్పింది. ఒక మనిషిని రోడ్డు మీద ఆపే అధికారం చేతిలో ఉన్నవారు, ఎందుకు ఆపారో మామూలు మాటల్లో చెప్పగలగాలి. ఇది రాని మనిషి యూనిఫాం వేసుకోకూడదని నా గట్టి నమ్మకం. బడిలో నేర్చుకున్న దరఖాస్తు ఇంగ్లీషును వదిలించుకుని, 'నేను చూశాను, నేను విన్నాను' అంటూ చిన్న వాక్యాలు రాయడం మనవాళ్లకు కొంత సాధన మీద వస్తుంది. ఆ సాధనకు యూనిట్‌కు, అంటే ఒక్కో క్రెడిట్‌కు, 46 డాలర్లు తీసుకునే కమ్యూనిటీ కాలేజీని మించిన చోటు లేదు. మొదటిసారి కాలేజీలో చేరి ఫుల్‌టైమ్ చదివేవారికి రెండేళ్ల ఫీజు మాఫీ చేసే పథకం కూడా ఉంది, అడగండి.

21 నిండేదాకా ఖాళీగా ఉండనవసరం లేదు. కేడెట్‌గానో, పోలీసు శాఖలో కమ్యూనిటీ సర్వీస్ ఆఫీసరుగానో చేరవచ్చు. 911 కాల్స్ తీసుకునే డిస్పాచర్ ఉద్యోగాలకు చాలాచోట్ల 18 ఏళ్లు చాలు. మన ఊళ్ల నుంచి వచ్చిన పెద్దవారు భయంలో ఇంగ్లీషు మరిచిపోయి తెలుగులో మాట్లాడితే, అవతల తెలుగు తెలిసిన మనిషి ఉండడం ఎంత మేలో ఆలోచించండి.

నేపథ్య విచారణను మాత్రం ఇప్పటి నుంచే గుర్తుంచుకోండి. నింపాల్సిన ఫారం ఇరవై పేజీలు దాటుతుంది. ఇండియాలో ఉన్న చిరునామాలు, బంధువులు, ట్రాఫిక్ టికెట్లు, అప్పులు అన్నీ రాయాలి. తెలిసినవారి దుకాణంలో లెక్కల్లో లేకుండా పనిచేసి ఉంటే, అదీ బయటికొస్తుంది. పాత పొరపాటును నిజాయితీగా రాసినవారిని తీసుకున్న సందర్భాలు ఉన్నాయి. దాచి దొరికినవారికి మాత్రం దారి మూసుకుపోయినట్టే.

ఇక ఇంట్లోవారి విషయం. డిగ్రీని 'ట్రాన్స్‌ఫర్' రకంలో, అంటే నాలుగేళ్ల యూనివర్సిటీకి మారడానికి వీలుండే ఏఎస్-టీగా తీసుకోండి. 60 యూనిట్లు పూర్తిచేసి తగిన మార్కులు ఉంటే కాల్ స్టేట్ (కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ) వ్యవస్థలో ఏదో ఒక క్యాంపస్‌లో సీటు ఖాయం. ఫ్రెస్నో స్టేట్‌లోనే క్రిమినాలజీ విభాగం ఉంది. రేపు మీరు మనసు మార్చుకున్నా లా స్కూలుకో, సోషల్ వర్క్‌కో వెళ్లే అవకాశం అలాగే ఉంటుంది. ఈ మాట కాగితం మీద చూపిస్తే నాన్నగారితో సంభాషణ తేలికవుతుంది. కౌన్సెలర్ అపాయింట్‌మెంటుకు ఆయననూ తీసుకెళ్లండి. మొదటి సెమిస్టరులో ఇంగ్లీషు కాంపోజిషన్, అడ్మినిస్ట్రేషన్ ఆఫ్ జస్టిస్ పరిచయ కోర్సు రెండూ తప్పక తీసుకోండి. మీ నగర పోలీసు శాఖలో రైడ్-ఎలాంగ్‌కు, అంటే గస్తీ కారులో పోలీసులతో కలిసి తిరిగి చూడడానికి, ఈ నెలలోనే దరఖాస్తు పెట్టండి.