పనొచ్చు, నెట్ రాదు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

చేతిలో మంచి పని ఉంది, కంప్యూటర్ మాత్రం రాదు, నెట్‌లో నలుగురికీ ఎలా తెలియాలి? ఈ నెల విజయవాడ, గుంటూరుల నుంచి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ ఇదే అడిగాయి. అందరికీ పనికొస్తాయనుకున్నవి ఏరి జవాబిస్తున్నాం.

*ప్రశ్న: పటమటలో ఇంట్లోనే మగ్గం వర్క్ బ్లౌజులు చేస్తానండి. ఇన్‌స్టాగ్రామ్‌లో రోజూ ఫొటోలు పెడుతున్నాను. లైకులు వస్తున్నాయి, ఆర్డర్లు రావట్లేదు. రోజుకు ఇంకా ఎక్కువ పోస్టులు పెట్టాలా?*
కె.ఎల్., విజయవాడ

పోస్టుల సంఖ్య మీ సమస్య కాదు. మీరు పంపిన పేజీ చూశాం. పనితనం బాగుంది. కానీ మీరు ఏ ఊళ్లో ఉంటారో, ధర ఎంతో, ఎన్ని రోజుల్లో ఇస్తారో పేజీ మొత్తం వెతికినా దొరకలేదు. అవి తెలియనివాళ్లు లైక్ కొట్టి వెళ్లిపోతారు, అంతే.

ముందు పేరు సంగతి చూడండి. ఇన్‌స్టాలో రెండు పేర్లుంటాయి. ఒకటి యూజర్‌నేమ్. రెండోది ప్రొఫైల్‌లో లావు అక్షరాల్లో కనిపించే నేమ్. ఎవరైనా వెతికినప్పుడు ఇన్‌స్టా ఈ రెండోదాన్ని కూడా చూస్తుంది. మీరు అక్కడ పాప ముద్దుపేరు రాసి సీతాకోకచిలుక బొమ్మ పెట్టారు. దాన్ని తీసేసి షాపు పేరు, మగ్గం వర్క్, విజయవాడ అని ఇంగ్లీషు అక్షరాల్లో రాయండి. మనవాళ్లు మాట్లాడేది తెలుగే అయినా వెతికేటప్పుడు టైపు చేసేది ఎక్కువగా ఇంగ్లీషు అక్షరాల్లోనే. ఈ నేమ్‌లో 64 అక్షరాలు పడతాయి, 14 రోజుల్లో రెండుసార్లే మార్చనిస్తుంది. అందుకని ముందు కాగితం మీద రాసుకుని ఆ తర్వాత ఎక్కించండి.

దాని కింద బయోలో 150 అక్షరాలు పడతాయి. "పెళ్లి బ్లౌజులకు మగ్గం వర్క్. 2,500 నుంచి. 12 రోజుల్లో. పటమట, విజయవాడ." ఇంత చాలు, అంకెలు మాత్రం మీవి వేసుకోండి. "ధర ఇన్‌బాక్స్‌లో" అనే అలవాటు మానేయండి. అడగడానికి మొహమాటపడేవాళ్లే మన దగ్గర ఎక్కువ. ధర ఎక్కువేమోనని తమకు తామే అనుకుని వెళ్లిపోతారు.

ఇక వాట్సాప్ బిజినెస్. ఇది ఉచితం. ఒకే నంబరు మామూలు వాట్సాప్‌లోనూ బిజినెస్‌లోనూ ఒకేసారి నడవదు. ముందు పాతదాంట్లో చాట్ బ్యాకప్ తీసి, అదే నంబరుతో బిజినెస్ యాప్ తెరవండి. పాత చాట్లు కూడా వచ్చేస్తాయి. దాని కేటలాగ్‌లో 500 వస్తువుల దాకా పెట్టొచ్చు. మీకు పన్నెండు డిజైన్లు చాలు, ప్రతిదానికీ ధర వేయండి. కొలతలు ఎలా తీసి పంపాలో, అడ్వాన్స్ ఎంతో రోజూ కొత్తగా టైపు చేయక్కర్లేదు. క్విక్ రిప్లైలో ఒకసారి దాచుకుంటే ఏటవాలు గీత గుర్తు (/) నొక్కగానే వస్తుంది. ఇన్‌స్టా బయోలో మీ వాట్సాప్ లింక్ (wa.me/ పక్కన మీ నంబరు) పెట్టేటప్పుడు నంబరు ముందు 91 ఉండాలి. ప్లస్ గుర్తు, సున్నా, మధ్యలో ఖాళీ ఉండకూడదు. లింక్ పనిచేయట్లేదంటే చాలాసార్లు కారణం ఇదే.

బ్రాడ్‌కాస్ట్ (ఒకే మెసేజ్ చాలామందికి ఒకేసారి పంపడం) వాడేవాళ్లు గమనించాల్సింది ఒకటుంది. మీ నంబరు ఎవరి ఫోన్‌లో సేవ్ అయి ఉందో వాళ్లకే అది చేరుతుంది. బ్లౌజు ఇచ్చేటప్పుడే, "కొత్త డిజైన్లు పంపుతాను, నంబరు సేవ్ చేసుకోండమ్మా" అని మీ ఎదుటే చేయించండి.

ఫొటోల్లో మీ పూసలు, జర్దోసీ తెల్లటి మచ్చల్లా కనిపిస్తున్నాయి. అది ఫ్లాష్ వల్ల. ఫ్లాష్, ఇంట్లో లైట్లు రెండూ ఆపేయండి. ఎండ నేరుగా పడని కిటికీ పక్కన బ్లౌజు పరిచి, వెలుతురు పక్క నుంచి పడేలా చూడండి. అప్పుడే దారం ఎత్తు, పూస గుండ్రదనం తెలుస్తాయి. పసుపు బల్బు కింద తీస్తే ఆకుపచ్చ పట్టు ఇంకో రంగులా కనిపిస్తుంది, ఫొటోలో చూసిన రంగు ఇది కాదంటూ బ్లౌజు వెనక్కొస్తుంది. 0.5 లెన్స్‌తో తీస్తే అంచులు సాగుతాయి కాబట్టి 1 లేదా 2 వాడండి. తీసేముందు లెన్స్‌ను మెత్తటి గుడ్డతో తుడవండి. మసక ఫొటోలకు చాలాసార్లు కారణం వేలిముద్రలే. ప్రతి డిజైన్‌కూ మూడు ఫొటోలు చాలు: మొత్తం బ్లౌజు, చేతి అంచు దగ్గరగా, లోపలివైపు. ఆ మూడోది చాలామంది పెట్టరు. లోపల దారం కొసలు శుభ్రంగా కట్టి, లైనింగ్ వేసి ఉందని చూస్తే పని తెలిసినవాళ్లు ధర గురించి పేచీ పెట్టరు. కస్టమర్ వేసుకున్న ఫొటో పెట్టాలంటే ముందు ఆవిడను అడగండి.

రోజూ పోస్టు అక్కర్లేదు. వారానికి రెండు చాలు. పెళ్లి ముహూర్తాలకు రెండు నెలల ముందు మాత్రం పెంచండి, బ్లౌజుల గురించి ఆలోచించేది అప్పుడే.

*ప్రశ్న: లెక్కల మాస్టారుగా రిటైరయ్యాను. బ్రాడీపేటలో ట్యూషన్లు చెబుతున్నాను. ఫోన్‌తో పాఠాలు తీసి యూట్యూబ్‌లో పెడుతుంటే కాగితం బూడిద రంగులో వస్తోంది, రాసేచోట చేతి నీడ పడుతోంది, మాట గుహలోంచి వచ్చినట్టుంది. మంచి కెమెరా కొనమంటున్నారు. కొనాలా?*
ఎస్.ఆర్., గుంటూరు

కొనొద్దు మాస్టారూ. మీరు చెప్పిన మూడు లోపాల్లో ఏదీ కెమెరా మార్చితే పోయేది కాదు.

కెమెరా తాను చూసేదాన్ని నలుపుకూ తెలుపుకూ మధ్యస్తంగా చూపించాలని చూస్తుంది. ఎదురుగా అంతా తెల్లకాగితమే ఉంటే వెలుతురు ఎక్కువైందనుకుని తగ్గించేస్తుంది, అందుకే ఆ బూడిద రంగు. వీడియో మొదలుపెట్టేముందు తెర మీద కాగితం కనిపించేచోట వేలితో కాసేపు నొక్కి పట్టుకోండి, తాళం గుర్తు వస్తుంది. పక్కన వచ్చే సూర్యుడి గుర్తును కాస్త పైకి జరిపితే కాగితం తెల్లబడుతుంది. తాళం పడింది కాబట్టి మీ చెయ్యి లోపలికీ బయటికీ వెళ్లినప్పుడల్లా వెలుతురు ఎగరదు, దిగదు.

నీడకు మందు దీపం చోటు మార్చడం. కుడిచేత్తో రాస్తారు కాబట్టి దీపం ఎడమవైపు, కొద్దిగా ముందు ఉండాలి. మీ వెనక ట్యూబ్‌లైట్ వెలిగితే మీ తల నీడే పేజీ మీద పడుతుంది. పెన్సిల్ వద్దు, నల్ల స్కెచ్ పెన్ వాడండి. పేజీకి ఏడెనిమిది పంక్తులకు మించి రాయకండి. పిల్లలు చూసేది అరచేతిలో పట్టే తెర మీద.

గుహ మాటకు కారణం ఖాళీ గోడలు. గట్టి గోడలకు తగిలి మీ మాటే తిరిగొస్తోంది. మీకు ఎదురుగా ఉన్న గోడకు దుప్పటి వేలాడదీయండి, పుస్తకాల బీరువా, పరుపు ఉన్న గది అయితే ఇంకా మంచిది. కొంటే కాలర్ మైక్ ఒక్కటి కొనండి, కొన్ని వందల్లో వస్తుంది. గడ్డానికి జానెడు కింద చొక్కాకు తగిలించండి. ఫ్యాను ఆపాలి. గుంటూరు ఎండల్లో ఫ్యాను ఆపమనడం పాపమే, అందుకే పొద్దున్నే తీసెయ్యండి, వీధి చప్పుడు కూడా ఉండదు.

ఒక వీడియోకు ఒకటే లెక్క. "నేటి పాఠం" అని శీర్షిక పెడితే ఎవరూ వెతకరు. "పదో తరగతి, వర్గ సమీకరణాలు, వర్గాన్ని పూర్తిచేసే పద్ధతి" అని తెలుగులో రాసి, అదే పక్కన ఇంగ్లీషు అక్షరాల్లోనూ రాయండి. ఫోన్ నంబరు వెరిఫై చేస్తేగానీ యూట్యూబ్ 15 నిమిషాలకు మించిన వీడియో తీసుకోదు, మీ సొంత థంబ్‌నెయిల్ (వీడియో తెరవకముందు కనిపించే బొమ్మ) పెట్టనివ్వదు. మొదటిరోజే ఆ పని చేసేయండి.

యూట్యూబ్ ప్రకటనల డబ్బు గురించి కూడా అడిగారు. 1,000 మంది సబ్‌స్క్రైబర్లు, 12 నెలల్లో 4,000 గంటల వీక్షణ ఉండాలి. లేదంటే 90 రోజుల్లో షార్ట్స్‌కు కోటి వ్యూస్ రావాలి. షార్ట్స్ ఫీడ్‌లో చూసిన సమయం ఆ 4,000 గంటల్లోకి రాదు. ఆరు నిమిషాల వీడియోను మొదటినుంచి చివరిదాకా చూసినా 40,000 సార్లు చూడాలన్నమాట. అందాకా మీ ఆదాయం ట్యూషనే, కాబట్టి ప్రతి వీడియో కింద బ్రాడీపేట, ట్యూషన్ వేళలు, ఫోన్ నంబరు రాయండి.

దాంతోపాటు గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ తెరవండి. గూగుల్ మ్యాప్స్‌లో మీ ట్యూషన్ కనిపించేది దీనివల్లే, ఇదీ ఉచితమే. బోర్డు మీద ఉన్న పేరే రాయండి. "గుంటూరులో బెస్ట్ మ్యాథ్స్" లాంటివి పేరుకు తగిలిస్తే ప్రొఫైల్‌ను ఆపేసే ప్రమాదముంది. వెరిఫికేషన్‌కు వీడియో అడిగితే మధ్యలో ఆపకుండా ఒకేసారి తీయాలి: వీధి, పక్క ఇళ్లు, మీ బోర్డు, తలుపు తాళం మీరే తీయడం, లోపల బల్లలు, నల్లబోర్డు. ముక్కలు అతికించిన వీడియో, బోర్డు కనిపించని వీడియో తిప్పికొట్టే అవకాశం ఎక్కువ.

*ప్రశ్న: కారప్పొడులు, పచ్చళ్లు అమ్ముతాం. డీటీపీ సెంటర్లో చేయించిన కరపత్రంలోని తెలుగును కాపీ చేసి వాట్సాప్‌లో పెడితే పిచ్చి గీతలు వస్తున్నాయి. ఎందుకని?*
ఒక పాఠకురాలు, కొత్తపేట, గుంటూరు

వాళ్లు చాలావరకు అను ఫాంట్లలో టైపు చేసి ఉంటారు. అవి యూనికోడ్ (అన్ని ఫోన్లూ చదవగలిగే అక్షరాల పద్ధతి) కావు. తెలుగు అక్షరాల ఆకారాలను ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో కూర్చినవి. ఆ ఫాంటు లేని ఫోన్‌లో ఒత్తులూ దీర్ఘాలూ అన్నీ చెల్లాచెదురవుతాయి. "యూనికోడ్‌లో కూడా ఇవ్వండి" అని సెంటర్‌లో అడగండి. లేదా ఫోన్ కీబోర్డులో తెలుగు పెట్టి, మైక్ గుర్తు నొక్కి చదవండి, అదే టైపు చేస్తుంది. చుక్కలు, కామాలు మీరు పెట్టుకోవాలి. "కారం" కాస్తా "కారణం" అయిపోవచ్చు, పంపేముందు ఒకసారి చదువుకోండి.

కరపత్రాన్ని బొమ్మగా పెట్టి ఊరుకోకండి, కింద అక్షరాల్లోనూ రాయండి. బొమ్మ మీది ఫోన్ నంబరును ఎవరూ చూసి టైపు చేసుకోరు. ఇంట్లో చేసి అమ్మినా ఆహార భద్రత చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రిజిస్ట్రేషన్ ఉండాలి. ఆ 14 అంకెల నంబరు, నికర బరువు, తయారైన తేదీ ప్యాకెట్ ఫొటోలో చదివేలా కనిపిస్తే మీ కారాన్ని ఎన్నడూ చూడని హైదరాబాద్ మనిషి కూడా ధైర్యంగా డబ్బు పంపుతాడు.

*ప్రశ్న: గుంటూరు కోర్టులో ప్రాక్టీసు చేస్తున్న జూనియర్ లాయర్‌ను. నా పేరు మీద రీల్స్ చేయొచ్చా?*

కేసుల కోసం ప్రచారం చేసుకోవడం బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 36వ నిబంధనకు విరుద్ధం. 2008లో చేసిన సవరణ ప్రకారం వెబ్‌సైట్‌లో పేరు, చిరునామా, ఎన్‌రోల్‌మెంట్ నంబరు, చదువు, ఏ రకం కేసులు చూస్తారు వంటి కొన్ని వివరాలే పెట్టొచ్చు. గెలిచిన కేసులు చెప్పుకోవడం, "సంప్రదించండి" అనడం వద్దు. చట్టం గురించి మామూలుగా వివరించినా కింద ఫోన్ నంబరు పెట్టారంటే అది ప్రచారమేనని ఎవరైనా ఫిర్యాదు చేయొచ్చు. సీనియర్‌ను అడిగాకే ముందుకెళ్లండి.

*ప్రశ్న: బీసెంట్ రోడ్డులో మా చీరల షాపుకు వెబ్‌సైట్ చేయిస్తామని ఒకాయన 25,000 అడుగుతున్నారు. ఇవ్వాలా?*
విజయవాడ

ఇప్పుడే అక్కర్లేదు. మీ దగ్గర మంగళగిరి చీరలుంటే వాట్సాప్ కేటలాగ్, గూగుల్ ప్రొఫైల్ ముందు నింపండి. అక్కడ అడిగేవాళ్లు పెరిగి చేతులు చాలనప్పుడు వెబ్‌సైట్ ఆలోచించండి.

చేయించినా డొమైన్ (వెబ్‌సైట్ చిరునామా పేరు) మాత్రం మీ మెయిల్‌తో, మీ పేరు మీదే కొనాలి. చేసిచ్చే ఆయన తన ఖాతాలో కొంటే రేపు ఆయనతో చెడిన రోజున మీ షాపు పేరు ఆయన దగ్గరే ఉండిపోతుంది. మొదటి ఏడాది డొమైన్ చవగ్గా వస్తుంది, రెండో ఏడాది ధర వేరు. రెన్యువల్ ఎంతో ముందే రాయించుకోండి. గడువు దాటిపోయి, గ్రేస్ రోజులు కూడా అయిపోతే ఆ పేరును ఎవరైనా కొనేయొచ్చు.

*ప్రశ్న: మా అమ్మాయి మెహందీ పేజీకి "కాపీరైట్ ఉల్లంఘన, 24 గంటల్లో అప్పీలు చేయండి" అని మెసేజ్ వచ్చింది. లింక్ నొక్కి పాస్‌వర్డ్ కొట్టింది. పేజీ పోయింది. అంతలోనే వాట్సాప్ కూడా పోయింది.*
భవానీపురం

ఇన్‌స్టాగ్రామ్ ఇలాంటివి డైరెక్ట్ మెసేజ్‌లో పంపదు. లాగిన్ పేజీలో "సహాయం" నొక్కి ఖాతా హ్యాక్ అయిందని ఎంచుకోండి. పేజీలో అమ్మాయి ముఖం ఉన్న ఫొటోలుంటే సెల్ఫీ వీడియోతో నిర్ధారించుకునే దారి చూపిస్తుంది. మెయిల్ మార్చినట్టు పాత మెయిల్‌కు సందేశం వచ్చుంటుంది, అందులో ఆ మార్పును వెనక్కి తీసుకునే లింక్ ఉంటుంది. దాన్ని వెంటనే వాడండి. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

వాట్సాప్‌ను అదే సిమ్‌తో మళ్లీ రిజిస్టర్ చేయండి, అవతలివాడు బయటికి పోతాడు. వాడు ఆరంకెల పిన్ పెట్టి ఉంటే, దాన్ని మార్చే మెయిల్ మీ దగ్గర లేకపోతే ఏడు రోజులు ఆగాలి. నక్షత్రం గుర్తుతో మొదలయ్యే నంబరేదైనా ఎవరో చెబితే డయల్ చేశారా? మీ కాల్స్ వాడికి వెళ్లేలా కాల్ ఫార్వర్డింగ్ పెట్టి ఉండొచ్చు. ##002# కొడితే అది రద్దవుతుంది.

పేజీ తిరిగొచ్చాక టూ ఫ్యాక్టర్ (పాస్‌వర్డ్ తర్వాత ఇంకో కోడ్ కూడా అడిగే ఏర్పాటు) ఆన్ చేసి, బ్యాకప్ కోడ్లను ఫోన్‌లో కాకుండా ఇంట్లో నోటు పుస్తకంలో రాసుకోండి. వ్యాపారం కోసం విడిగా సిమ్ తీసుకున్నవాళ్లు దాన్ని వాట్సాప్‌కే వాడి రీచార్జి మరిచిపోతుంటారు. 90 రోజులు వాడకపోతే కంపెనీ సిమ్‌ను ఆపేయొచ్చు, తర్వాత ఆ నంబరు ఇంకొకరికి పోతుంది, దాంతో రిజిస్టరైన వాట్సాప్‌ను వాళ్లు తెరవగలరు. నెలకోసారి ఆ సిమ్ నుంచి ఒక ఫోన్ చేయించండి.